సంగారెడ్డి జిల్లాలో నర్సింగ్ విద్య

సంగారెడ్డి జిల్లాలో నర్సింగ్ విద్య అనేది తెలంగాణ రాష్ట్రంలో నర్సుల కొరతను తీర్చుటకు ప్రభుత్వాలు చేపట్టిన ప్రయత్నాలలో ఒక భాగము. ఈ జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు మెదక్ జిల్లా నుండి ఏర్పడినది. పటాన్‌చెరు, రామచంద్రాపురం, పాశమైలారం ప్రాంతాలలో పరిశ్రమలు అధికము. ఇతర రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు కూడా ఇక్కడ పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు.

ఆవశ్యకత

1946 నాటి భోర్ కమిటీ దేశంలో ప్రతి 500 మందికి ఒక నర్సు ఉండవలెనని సూచించినది. ఆనాడు సుమారు 43,000 మందికి ఒక్క నర్సు మాత్రమే ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచంలో 2.98 కోట్ల మంది నర్సులు ఉండగా, ఇంకా 58 లక్షల మంది కొరత ఉన్నది.

పారిశ్రామిక ప్రాంతంలో ఈ అవసరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. ఇటువంటి ప్రమాదాలలో కాలిన గాయాలైనవారికి రాత్రింబవళ్ళు శిక్షణ పొందిన నర్సుల పర్యవేక్షణ కావలెను. గాయాలను శుభ్రపరచి కట్లు మార్చుట, శరీరం కోల్పోయే ద్రవాలను లెక్కించుట, ఇన్ఫెక్షన్ సోకకుండా చూచుట వారి బాధ్యతలే.

కోర్సులు

* ఏ.ఎన్.ఎం. - 2 సంవత్సరాలు. ఇంటర్మీడియట్ ఏ గ్రూపు వారైనా చేరవచ్చును. ఉపకేంద్రాలలో, గ్రామాలలో మాతాశిశు సేవలకు ఉద్దేశించినది.
* జి.ఎన్.ఎం. - 3 సంవత్సరాల డిప్లొమా.
* బి.ఎస్సీ. నర్సింగ్ - 4 సంవత్సరాల డిగ్రీ. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండవలెను. తెలంగాణలో ఈ కోర్సు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నది.

ప్రభుత్వ చర్యలు

సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైనది. పట్టణంలో ప్రభుత్వ నర్సింగ్ కళాశాల కూడా ఉన్నది. 2014 తరువాత స్థాపించిన వైద్య కళాశాలల వద్ద 157 నర్సింగ్ కళాశాలలు నెలకొల్పుటకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 26న ఆమోదించినది. వీటి వ్యయం రూ. 1,570 కోట్లు. వీటి ద్వారా ఏటా సుమారు 15,700 మంది పట్టభద్రులు రాగలరని అంచనా. వైద్య కళాశాల ప్రక్కనే ఉండుట వలన ఆసుపత్రి, ప్రయోగశాలలు రెండు కళాశాలలకూ ఉపయోగపడతాయి.

సీట్లు పెరిగినంత మాత్రాన ఆసుపత్రులలో నర్సులు పెరగరు. ఉద్యోగాల భర్తీ కూడా జరగవలెను. రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన ఇచ్చినది. తరువాత ఈ సంఖ్య 7,094కు పెరిగినది. 2024 జనవరి 31న హైదరాబాదులో 6,956 మందికి నియామక పత్రాలు అందజేశారు. 2023లో స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసరుగా మార్చారు. వృత్తికి గౌరవం పెంచుట దీని ఉద్దేశము.

వలస

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ వంటి భాషలలో శిక్షణ ఇప్పించి విదేశాలలో ఉద్యోగాలు కల్పిస్తున్నది. దీనివలన కుటుంబాల ఆదాయం పెరుగుతుంది, ఈ చదువుపై యువతకు ఆసక్తి కలుగుతుంది. కాని అనుభవం గల నర్సులు తరలిపోతే స్థానిక ఆసుపత్రులలో ఖాళీలు మరల ఏర్పడతాయి. అందువలన వేతనం, రాత్రి విధులలో భద్రత, వసతి గృహాలు, పదోన్నతి వంటి అంశాలు కొత్త కళాశాలలతో సమానమైన ప్రాముఖ్యత కలిగినవి.