లాజిక్ ప్రోగ్రాముల నిర్దుష్టత

తర్కవాక్యాలతో రాసిన ప్రోగ్రాము, తన నుంచి ఆశించిన జవాబులనే ఇస్తుందని గణిత నిరూపణతో తేల్చే శాస్త్రభాగం ఇది. పది ఉదాహరణలు ఇచ్చి చూసి సరిపెట్టుకోవడం దీని పద్ధతి కాదు. అలా ఒకసారి నిరూపించిన మాడ్యూలును మరో ప్రోగ్రాములో పెడితే ఆ నిరూపణ చెల్లుతుందా అన్నది కూడా ఇందులో భాగమే.

ప్రోగ్రాములను నిరూపించాలన్న ఆలోచన లాజిక్ ప్రోగ్రామింగు కంటే పాతది. 1949లో కేంబ్రిడ్జిలో జరిగిన సదస్సులో అలన్ ట్యూరింగ్, ఫ్యాక్టోరియల్‌ను లెక్కగట్టే ప్రోగ్రాము సరైనదేనని నిరూపించి చూపాడు. 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ దానికి నియమబద్ధమైన రూపం ఇచ్చారు. వీరి దృష్టి అంతా ఆజ్ఞల వరుసగా నడిచే ప్రోగ్రాముల మీద ఉండేది.

లాజిక్ ప్రోగ్రామింగుకు మూలం 1965లో అలన్ రాబిన్సన్ ప్రకటించిన రిజల్యూషన్ అనే నిరూపణ సూత్రం. 1972లో ఫ్రాన్సులోని మార్సెయ్‌లో అలాన్ కోల్మెరోయర్, ఫిలిప్ రూసెల్ దాని ఆధారంగా ప్రొలాగ్ భాషను రూపొందించారు. ఎడిన్‌బరోలో రాబర్ట్ కోవాల్స్కీ ఆ భాషకు సిద్ధాంత బలం చేకూర్చాడు. అప్పట్లో ఈ రంగంలో ఉత్సాహం అంతా ఇంతా కాదు. కారణం తెలుసుకోవాలంటే ఒక చిన్న ప్రోగ్రాము చాలు. కన్నవారు పూర్వీకులు; కన్నవారి పూర్వీకులూ పూర్వీకులే. ఈ రెండు వాక్యాలు పూర్వీకుడన్న మాటకు నిర్వచనం. ప్రొలాగ్‌లో రాస్తే అవే ప్రోగ్రాము. నిర్వచనమూ ప్రోగ్రామూ ఒకటే అయినప్పుడు ఇక నిరూపించడానికి ఏముంటుంది?

ఈ ఆశ పూర్తిగా వట్టిది కాదు. 1976లో మార్టెన్ వాన్ ఎమ్డెన్, కోవాల్స్కీ కలిసి ఒక ముఖ్యమైన ఫలితం ప్రకటించారు. ప్రోగ్రాములోని వాక్యాల నుంచి తార్కికంగా రాబట్టగలిగేవీ, వాటి కనిష్ఠ నమూనాలో, అంటే వాటన్నిటినీ నిజం చేసే అతి చిన్న ప్రపంచంలో, నిజమయ్యేవీ ఒకటేనన్నది దాని సారం. అంటే ప్రోగ్రాములోని ప్రతి వాక్యమూ మనం ఉద్దేశించిన అర్థంలో నిజమైతే చాలు, తప్పు జవాబు రాదు. ఒక్కో వాక్యాన్ని విడిగా తీసుకుని సరిచూసుకోవచ్చు. ఆజ్ఞల ప్రోగ్రాములకు ఇంత సులువైన దారి లేదు.

అయితే తప్పు జవాబు రాకపోవడం వేరు, సరైన జవాబు రావడం వేరు. పూర్వీకుల ఉదాహరణలో రెండో వాక్యంలోని షరతులను తారుమారు చేసి, పూర్వీకుణ్ణి ముందు వెతకమంటే అర్థం వెంట్రుకవాసి కూడా మారదు. ప్రొలాగ్ మాత్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. తర్కానికి నియంత్రణను కలిపితేనే అల్గారిథం అవుతుందని 1979లో కోవాల్స్కీ సూత్రీకరించాడు. చిక్కుల్లో చాలావరకు ఆ రెండో సగంలోనే, అంటే నియంత్రణలోనే బయటపడ్డాయి. వేగం కోసం ప్రొలాగ్ వ్యవస్థలు తర్కాన్ని కూడా కొంత తగ్గించుకున్నాయి. ఒక చలరాశికి ఇవ్వబోయే విలువలో ఆ చలరాశే ఇమిడి ఉందేమో చూసే పరీక్షను మామూలుగా వదిలేస్తాయి. దానివల్ల అరుదుగానైనా తార్కికంగా తప్పైన జవాబు రావచ్చు. ఇక ‘కాదు’ అనే మాట మరో తలనొప్పి. నిరూపించలేకపోయిన దాన్ని అబద్ధంగా తీసుకోవడం ప్రొలాగ్ ఆనవాయితీ. టైంటేబుల్లో లేని రైలు లేనట్టే అనుకోవడం లాంటిది ఇది. దీనికి తార్కిక సమర్థనను 1978లో కీత్ క్లార్క్ ఇచ్చాడు. 1988లో గెల్ఫాండ్, లిఫ్‌షిట్జ్ ప్రతిపాదించిన స్థిర నమూనాలు దీన్ని మరింత ముందుకు తీసుకెళ్లాయి.

నిరూపణ పద్ధతులూ ఈ కాలంలోనే పెరిగాయి. 1981లో క్రిస్టఫర్ హాగర్, ఏం చేయాలో చెప్పే నిర్దేశం నుంచే ప్రోగ్రామును తార్కికంగా రాబట్టే దారి చూపాడు. ఎహుద్ షపీరో పద్ధతి ఇంకా ఆచరణయోగ్యమైనది: ఈ జవాబు నిజమేనా అని రాసినవారిని అడుగుతూ పోయి, తప్పున్న వాక్యాన్ని పట్టిస్తుంది. ప్రోగ్రాము ఆగుతుందని నిరూపించే పద్ధతులను క్రిస్టాఫ్ ఆప్ట్, డీనో పెద్రెస్కీ 1990లలో అభివృద్ధి చేశారు.

పాఠ్యపుస్తకాలన్నింటిలో కనిపించే అపెండ్ ప్రోగ్రాము అసలు ప్రశ్నను ముందుకు తెచ్చింది. రెండు జాబితాలను కలపడం దాని పని. ఖాళీ జాబితాకు 5 అనే అంకెను కలపమన్నా అభ్యంతరం చెప్పదు, 5 అని జవాబిస్తుంది. 5 జాబితా కాదు కదా! తప్పు ప్రోగ్రాముదా, దాన్ని అలా వాడినవారిదా? సందర్భం చెప్పకుండా ఏ ప్రోగ్రామునూ నిర్దుష్టమనలేమన్నదే దీనికి సరైన జవాబు.

మాడ్యూళ్లను తిరిగి వాడేటప్పుడు ఈ సందర్భమే కీలకం. సాఫ్ట్‌వేరును కూడా విడిభాగాల్లా తయారుచేసి పెట్టుకోవాలని 1968లో గార్మిష్‌లో జరిగిన సదస్సులో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ కోరాడు. సందర్భం మరచి విడిభాగం బిగిస్తే ఏమవుతుందో 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్టు చూపింది. ఏరియన్-4లో సజావుగా నడిచిన మాడ్యూలునే అందులో వాడారు. కొత్త రాకెట్టు అడ్డదిశ వేగానికి సంబంధించిన విలువ 16 బిట్లలో పట్టలేదు. బయలుదేరిన సుమారు 40 సెకన్లకే రాకెట్టు ముక్కలైంది. అది ఏడా భాషలో రాసిన ప్రోగ్రాము, లాజిక్ ప్రోగ్రాము కాదు. జబ్బు మాత్రం ఒక్కటే.

లాజిక్ ప్రోగ్రాముల వైపు నుంచి దీనికి గట్టి సమాధానం మాంచెస్టర్‌కు చెందిన కుంగ్-కియు లావ్, మిలాన్‌కు చెందిన మారియో ఒర్నాగి, స్టెన్-ఓకే టార్న్‌లుండ్ ఇచ్చారు. వారు 1999లో ప్రకటించిన వ్యాసంలో మాడ్యూలును ‘తెరిచి ఉంచిన’ ప్రోగ్రాముగా చూశారు. ఉదాహరణకు వరుసపెట్టే మాడ్యూలుకు ఏది ముందు, ఏది వెనుక అన్నది బయటి నుంచి అందాలి. అలా అందే క్రమం ఏ లక్షణాలను పాటించాలో ముందే రాసిపెట్టి, ఆ లక్షణాలున్న ఏ క్రమాన్ని ఇచ్చినా మాడ్యూలు సరిగానే పనిచేస్తుందని ఒక్కసారి నిరూపిస్తారు. ఈ గుణమున్న ప్రోగ్రాములను వారు స్థిరనిష్ఠ గలవన్నారు. నిరూపణ కూడా మాడ్యూలుతో పాటే ప్రయాణిస్తుందన్నమాట. ఈ రంగంలో ఇంతకంటే విలువైన ఆలోచన మరొకటి రాలేదనవచ్చు.

నిత్య వాడకంలోకి వచ్చింది మాత్రం ఇంతకంటే తేలికైన మార్గమే. 1995లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన మెర్క్యురీ అనే లాజిక్ ప్రోగ్రామింగు భాషలో టైపులను, ఏది ఇన్‌పుట్టో ఏది అవుట్‌పుట్టో, ఎన్ని జవాబులు రావచ్చో ప్రకటిస్తే కంపైలరే సరిచూస్తుంది. ప్రొలాగ్ మాడ్యూళ్లకు 2000లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చినా, ప్రధాన వ్యవస్థలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాటిలో ఎక్కువ భాగం నేటికీ 1980ల నాటి క్వింటస్ ప్రొలాగ్ పద్ధతినే అనుసరిస్తున్నాయి.