ప్రత్యేక అవసరాల పిల్లలకు బీజగణిత కృత్యాలు

చరరాశి, సమాసం, సమీకరణం వంటి భావనలను అక్షరాలతో కాక చేతికి దొరికే వస్తువులతో మొదలుపెట్టి, బొమ్మల మీదుగా గుర్తుల దాకా సాధన చేయించే పద్ధతులను ప్రత్యేక విద్యలో బీజగణిత కృత్యాలంటారు. చూపు, వినికిడి, మేధాపరమైన లోపాలున్న పిల్లలకూ, అంకెల దగ్గరే తడబడే పిల్లలకూ వీటిని వేర్వేరుగా మలచుకోవాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో సామగ్రికి పెద్దగా ఖర్చుండదు. త్రాసు, గోలీలు, చొక్కా గుండీలు, చీపురు పుల్లలు, వాడేసిన బస్సు టికెట్లు చాలు.

చట్టం, ఏర్పాట్లు

ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు 11 దాకా నల్లగొండ జిల్లాలోవే. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, కోదాడ దాని కిందికి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఆ ఏడాది చివర్లోనే పార్లమెంటు దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఆమోదించింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలు ఇందులో 21 అయ్యాయి. లెక్కల టీచర్లకు ముఖ్యమైన మార్పు నిర్దిష్ట అభ్యసన వైకల్యం జాబితాలో చేరడం. అంకెలు, లెక్కల దగ్గర వచ్చే డిస్కాల్క్యులియా దాని కిందికే వస్తుంది. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు.

క్షేత్రస్థాయిలో ఈ పిల్లలకు ఆసరా మండలాల్లోని భవిత కేంద్రాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్వశిక్షా అభియాన్ కాలంలో వచ్చిన ఈ కేంద్రాలు 2018 నుంచి సమగ్ర శిక్ష కింద నడుస్తున్నాయి. ఇక్కడ పనిచేసే ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్లను బళ్లలో ఐఈఆర్‌పీలంటారు. పాఠం చెప్పడం, ఫిజియోథెరపీకి తీసుకురావడం, బడికి రాలేని పిల్లల ఇంటికి వెళ్లడం అన్నీ వీళ్ల పనిలో భాగాలే. ప్రత్యేక విద్య ఉపాధ్యాయుల విషయంలో సుప్రీంకోర్టు 2021లో ఒక కొలత చెప్పింది: ప్రాథమిక తరగతుల్లో పది మందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు.

తడబాటు ఎక్కడ

ఐదో తరగతి దాకా అంకెలతో నెట్టుకొచ్చిన పిల్లవాడికి ఆరో తరగతిలో ‘ఎక్స్’ ఎదురవుతుంది. అది గుణకారం గుర్తులా కనిపిస్తుంది. ఎక్స్ విలువ 4 అంటే 2ఎక్స్‌ని 24 అని రాసేస్తాడు. 3ఏ + 2బీకి జవాబు 5ఏబీ అంటాడు. ‘2ఏ అంటే రెండు ఆపిళ్లు’ అని తేలిగ్గా చెప్పబోయిన టీచరు మాట కూడా తర్వాత అడ్డం తిరుగుతుంది. అక్షరం నిలబడేది పండుకు కాదు, ఒక సంఖ్యకు. పండు ధర అనో, పళ్ల లెక్క అనో చెప్తే ఈ చిక్కు రాదు.

అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో నేర్చుకోవడాన్ని మూడు అంచెలుగా వివరించాడు: చేతితో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తుగా రాయడం. బ్రాడ్లీ విట్జెల్, మరో ఇద్దరు పరిశోధకులు ఈ వరసలోనే బీజగణితం చెప్పించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. లెక్కల్లో వెనకబడిన ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో, నేరుగా గుర్తులతో నేర్చుకున్నవాళ్ల కంటే వస్తువుతో మొదలుపెట్టినవాళ్లు సమీకరణాలు బాగా సాధించారు.

త్రాసు, గోలీలు

2ఎక్స్ + 3 = 11 అనే సమీకరణాన్ని తీసుకుందాం. రెండు అగ్గిపెట్టెల్లో టీచరు నాలుగేసి గోలీలు దాచి మూస్తుంది. ఆ పెట్టెలనూ, విడిగా మూడు గోలీలనూ ఎడమ పళ్లెంలో పెడుతుంది. కుడి పళ్లెంలో పదకొండు గోలీలు పోస్తుంది. త్రాసు సరితూగదు. అగ్గిపెట్టెకూ బరువుంటుంది మరి. అందుకే కుడివైపు రెండు ఖాళీ పెట్టెలు చేర్చాలి. చింతగింజలైతే ఒక్కోటి ఒక్కో బరువు కాబట్టి ఒకే సైజు గోలీలే ఎంచుకోవాలి.

ఎడమవైపు మూడు గోలీలు తీస్తే ఆ పళ్లెం పైకి లేస్తుంది. కుడివైపూ మూడు తీస్తేనే మళ్లీ సమానం. ‘పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుంది’ అని వల్లె వేయించే సూత్రం ఇక్కడ కళ్ల ముందే జరిగిపోతుంది. చూపు లేని పిల్లలు పళ్లేల ఎత్తు తడిమి తెలుసుకోవచ్చు. రెండు పెట్టెలకు ఎనిమిది గోలీలు, ఒక్కో దానికి నాలుగు. పెట్టె తెరిచి లెక్కపెడితే జవాబు తప్పో ఒప్పో పిల్లలే తేల్చుకుంటారు.

రుణ సంఖ్యలు వచ్చేసరికి త్రాసు పనికిరాదు. అప్పుడు రెండు రంగుల గుండీలు తీయాలి: పసుపు ధనం, ఎరుపు రుణం. ఒక పసుపు, ఒక ఎరుపు జత కడితే సున్నా, ఆ జతను పక్కన పడేయొచ్చు. మిగిలిందే జవాబు. రంగులు పోల్చుకోలేని పిల్లల కోసం ఎరుపు గుండీలకు గరుకు కాగితం అంటిస్తారు. అవ్యక్త రాశులకు రంగుల పేర్లు పెట్టడం మనకు కొత్త కాదు. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు ‘బీజగణితం’లో రెండో అవ్యక్తం నుంచి కాలక, నీలక, పీతక అంటూ రంగులతోనే పిలిచాడు.

పుల్లలు, టికెట్లు

చీపురు పుల్లలతో త్రిభుజాలు వరసగా పేర్చడం మరో కృత్యం. ఒక త్రిభుజానికి మూడు పుల్లలు, రెండింటికి ఐదు, మూడింటికి ఏడు. పక్క త్రిభుజానికి ఒక భుజం ముందే ఉంటుంది కాబట్టి రెండేసి చాలు. పది త్రిభుజాలకు ఎన్ని అని అడిగితే కొందరు పేర్చి చెప్తారు, కొందరు 21 అని ముందే అంటారు. ‘ఎలా వచ్చింది?’ అన్న ప్రశ్న దగ్గరే 2ఎన్ + 1 పుడుతుంది. వేళ్లకు సరిగా పట్టు దొరకని పిల్లలకు సన్న పుల్లల బదులు ఐస్‌క్రీం పుల్లలు ఇవ్వాలి.

పదాల లెక్కలకు ఊరి బస్సే ఆధారం. తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు జీరో టికెట్. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సులో 48 మంది ఉన్నారనుకుందాం. డబ్బు టికెట్ల కంటే జీరో టికెట్లు 12 ఎక్కువ. డబ్బు టికెట్లకు ఒక కాగితం పట్టీ, జీరో టికెట్లకు అంతే పొడవు పట్టీకి 12 అని రాసిన ముక్క అంటించి పక్కపక్కన పెడతారు. 12 ముక్క చింపేస్తే మిగిలేది 36, అది రెండు సమానమైన పట్టీలు. డబ్బు టికెట్లు 18, జీరో టికెట్లు 30. ఎక్స్ + ఎక్స్ + 12 = 48 అని రాయడం ఆ తర్వాతి మెట్టు.

చూపు, వినికిడి

చూపు లేని పిల్లల లెక్కలకు మన దేశంలో ఎక్కువగా వాడేది టేలర్ ఫ్రేము. ఎనిమిది మూలల నక్షత్రాకారపు రంధ్రాల పలక అది. రంధ్రంలో పెట్టే లోహపు ముక్కను ఎనిమిది దిక్కులకు తిప్పొచ్చు. ముక్క రెండు కొసలూ వేరుగా ఉంటాయి కాబట్టి ఒక్క ముక్కతో పదహారు గుర్తులు వస్తాయి. బీజగణితానికి విడిగా మరో రకం ముక్కలున్నాయి. గ్రాఫులకు అట్ట మీద గుండుసూదులు, రబ్బరు బ్యాండు సరిపోతాయి.

చూపు లేకున్నా లెక్కలు చదివే అవకాశం కోసం కోర్టు మెట్లెక్కిన తెలుగు విద్యార్థి బొల్లా శ్రీకాంత్. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టి, హైదరాబాద్‌లో దేవనార్ అంధుల పాఠశాలలో చదివాడు. పదో తరగతి తర్వాత ఎంపీసీలో చేరతానంటే అధికారులు కుదరదన్నారు. కోర్టు తీర్పుతో చేరి, తర్వాత అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు. ఆయన జీవితం మీద 2024లో హిందీ సినిమా వచ్చింది.

వినికిడి లోపం ఉన్నవారికి చిక్కు వేరు. ‘కంటే ఎక్కువ’, ‘లోంచి తీసేస్తే’ వంటి మాటల వెంట లెక్క జారిపోతుంది. భారతీయ సంజ్ఞా భాషలోకి పాఠ్యపుస్తకాలు తేవడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2020లో సంజ్ఞా భాషా కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. తరగతిలోనైతే బస్సు లెక్కను ముందు నటించి చూపి, ఆ తర్వాత వాక్యం చదివించడం సులువైన దారి.

పరీక్షల సాధన

కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దివ్యాంగులకు రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అర్హులకు లేఖకుడి సాయం ఉంటాయి. బీజగణితంలో లేఖకుడికి చెప్పి రాయించడం దానికదే ఒక విద్య. ‘రెండు ఎక్స్ ప్లస్ మూడు స్క్వేర్’ అని ఊరికే అంటే, వర్గం మూడుకో, మొత్తానికో లేఖకుడికి తెలియదు. ‘బ్రాకెట్ తెరిచి రెండు ఎక్స్ ప్లస్ మూడు, బ్రాకెట్ మూసి, హోల్ స్క్వేర్’ అనాలి. దీన్ని ఇద్దరిద్దరి ఆటగా సాధన చేయించొచ్చు: ఒకరు చీటీలోని సమాసాన్ని చదువుతారు, రెండోవారు రాస్తారు. చీటీ, రాత కలిస్తే జంటకు ఒక పాయింటు. కలవకపోతే బ్రాకెట్ ఎక్కడ జారిందో చూసుకుని, చదివే పని రెండోవారు తీసుకుంటారు.