అదే లోకల్‌హోస్ట్, వేరే వైపు

రాత్రి పదకొండున్నర. అమీర్‌పేటలో హాస్టల్ మూడో అంతస్తు. ఫ్యాన్ గిర్రున తిరుగుతున్నా ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ వేడి మోకాళ్లకు తెలుస్తోంది. మా ఊరి కుర్రాడు, బీటెక్ ఆఖరి సంవత్సరం, పక్కనే మంచం మీద గొంతుక్కూర్చున్నాడు.

“నిన్న సాయంత్రం దాకా యాప్ బాగానే పనిచేసిందన్నా. రేపు పదింటికి డెమో.”

“మళ్లీ ఒకసారి నడుపు, చూద్దాం.”

నడుపుతాడు. సర్వర్ 3000 పోర్టులో మొదలైందని ఒక వరుస పడుతుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. కర్సర్ కొట్టుకుంటూనే ఉంది. మాంగూస్ లైబ్రరీ మాంగోడీబీ డేటాబేస్ దొరుకుతుందేమోనని 30 సెకన్లు చూస్తుంది, దానికి డిఫాల్టుగా పెట్టిన గడువు అది. గడువు తీరగానే వరుసలు జలజలా దిగుతాయి. అన్నిటికంటే పైన: కనెక్ట్ ఈకాన్‌రెఫ్యూజ్డ్ ::1:27017.

“చూశావా, మాంగో పోయింది. అన్‌ఇన్‌స్టాల్ చేసి, డేటా ఫోల్డర్ కూడా తీసేసి ఫ్రెష్‌గా వేస్తా.”

మౌస్ అప్పటికే కంట్రోల్ ప్యానెల్ మీదికి పోయింది. చెయ్యి పట్టుకుని ఆపుతాను. ఆ ఫోల్డర్‌లో 412 పుస్తకాల వివరాలున్నాయి. మా ఊరి గ్రంథాలయం రిజిస్టరు ముందు పెట్టుకుని, వెలిసిపోయిన సిరా అక్షరాలు కూడబలుక్కుంటూ, అతనూ చెల్లెలూ ఎండాకాలం సెలవుల్లో ఎక్కించినవి. ఇంకో కాపీ లేదు.

“ముందు ఆ మాట చదవరా. రెఫ్యూజ్డ్ అంటోంది. పాస్‌వర్డ్ తప్పైతే ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అనేది. ఫైర్‌వాల్ మింగేసి ఉంటే జవాబే రాక టైమవుట్ అయ్యేది. ఇక్కడ జవాబొచ్చింది. నీ యాప్ కనెక్షన్ అడిగితే, ఈ అడ్రసులో ఈ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరని విండోసే తిప్పి పంపింది.”

“అంటే మాంగో నడవట్లేదనే కదన్నా?”

నాకూ అదే అనిపిస్తుంది. సర్వీసెస్ తెరిపిస్తాను. మాంగోడీబీ ఎదురుగా ‘రన్నింగ్’ అని ఉంది. మాంగో షెల్ తెరిస్తే ఠక్కున తెరుచుకుంటుంది. బుక్స్ కలెక్షన్‌లో ఎన్ని ఉన్నాయని అడిగితే 412 అని చెబుతుంది. కుర్రాడు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. పుస్తకాలు భద్రం. డేటాబేస్ బతికే ఉంది. షెల్‌కి పలుకుతోంది, యాప్‌కి పలకడం లేదు.

అయితే అసలు అది ఎక్కడ వింటోందో చూడాలి. నెట్‌స్టాట్ కొట్టి 27017 కోసం వెతికిస్తాను. ఒక్కటే వరుస: 127.0.0.1:27017, లిజనింగ్. ఆ వరుసనూ, ఎర్రర్‌లోని వరుసనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడమంటాను. కింద 127.0.0.1. పైన ::1. అతను కళ్లు చిట్లించి, స్క్రీన్ మీద వేలు పెట్టి, ఒక్కో అంకే చదువుతున్నాడు.

“ఈ రెండు చుక్కలేంటన్నా?”

ఐపీవీ6లో మన మెషీన్‌కి మనం పెట్టుకునే పేరది. 127.0.0.1 ఐపీవీ4 పేరు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కలుద్దామని ఇద్దరనుకుని, ఒకరు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు, ఇంకొకరు భోయిగూడ వైపు నిలబడితే ఎలా ఉంటుంది? ఇద్దరూ సికింద్రాబాద్‌లోనే ఉన్నారు. యాప్‌కి ఇచ్చిన అడ్రసు వట్టి లోకల్‌హోస్ట్, ఏ వైపో చెప్పని పేరు. మాంగోడీబీ డిఫాల్టుగా ఐపీవీ4 వైపే వింటుంది. మాంగో షెల్ కూడా ఏమీ చెప్పకపోతే నేరుగా 127.0.0.1కే పోతుంది, అందుకే దానికి దొరికింది. యాప్ మాత్రం రెండో వైపు వెళ్లి నిలబడింది.

నిన్నటిదాకా ఎలా దొరికిందన్నది తేలాలి. అది తేలకుండా సరిచేస్తే నా మనసు ఒప్పదు.

“నిన్న ఏం మార్చావు?”

“ఏం మార్చలేదన్నా.”

“నోడ్ వెర్షన్ ఎంత?”

కొడతాడు. 18. ఒక్క క్షణం ఆగి, “రాత్రి ఏదో ప్యాకేజీ అడిగిందని 16 తీసి ఇది వేశా” అంటాడు.

అదీ సంగతి. 16 దాకా, యాప్‌ని నడిపే నోడ్ ఒక పేరుకి వచ్చిన అడ్రసుల్లో ఐపీవీ4ని ముందుకు తెచ్చేది. 2021 అక్టోబరులో వచ్చిన 17 నుంచి ఆ సర్దుబాటు మానేసి, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన వరుసనే తీసుకుంటోంది. ఈ ల్యాప్‌టాప్‌లో విండోస్ ముందు ::1 ఇస్తోంది. 20 వచ్చేసరికి రెండు వైపులా ప్రయత్నించే ఏర్పాటు డిఫాల్టుగా పెట్టారు. 18లో అది డిఫాల్టు కాదు. పిల్లవాడి తప్పేమీ లేదు, కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు.

ఎన్వ్ ఫైల్ తెరిచి లోకల్‌హోస్ట్ తీసేసి 127.0.0.1 అని రాయిస్తాను. సేవ్. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెడతాడు. ఈసారి 30 సెకన్ల ఎదురుచూపు లేదు, వెంటనే ‘కనెక్టెడ్’ అని పడుతుంది. బ్రౌజర్‌లో పేజీ తిరగేస్తే పుస్తకాల పేర్లు, రచయితలు, బీరువా నంబర్లు.

“పడుకుంటానన్నా ఇంక.”

“ఉండు.” కంపాస్ తెరిచి కలెక్షన్ మొత్తం జేసన్‌గా ఎక్స్‌పోర్ట్ చేయిస్తాను. నా తాళంచెవుల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవ్ ఊడదీసి ఇస్తాను. కాపీ అవడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు ఆ 412 పుస్తకాల వివరాలూ రెండు చోట్ల ఉన్నాయి.