రెండు సూర్యోదయాల ప్రయాణం

ప్రయాణికులను ఎక్కించుకుని, మధ్యలో ఎక్కడా దిగకుండా అత్యధిక గంటలు ఎగిరిన రెగ్యులర్ సర్వీసు ఏ జెట్ విమానానిదీ కాదు. 1943లో పెర్త్ నగరపు స్వాన్ నది మీంచి లేచి, సింహళంలో గాలే దగ్గరి కొగ్గల సరస్సులో వాలిన కేటలీనా నీటి విమానాలది ఆ ఘనత. దూరం సుమారు 5,650 కిలోమీటర్లు. పట్టే సమయం 27 నుంచి 33 గంటలు! ఎక్కినవాళ్ళు దిగేలోపు సూర్యుడు రెండుసార్లు ఉదయించేవాడు. ఈ సంగతి చదివాక నాకు మరో ధ్యాస లేకుండా పోయింది.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాను వశమైంది. ఆస్ట్రేలియా నుంచి లండన్‌కు మజిలీలు చేసుకుంటూ సాగే విమానమార్గం అక్కడితో తెగింది. మళ్ళీ కలపాలంటే హిందూ మహాసముద్రాన్ని ఏకబిగిన దాటాలి. ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ చేతికి వచ్చినవి ఐదు కేటలీనాలు. వాటి వేగం గంటకు 200 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అదనపు ఇంధన ట్యాంకులు పెట్టి, తీసేయగలిగిన సామగ్రినల్లా తీసేశారు. అంతా అయ్యాక చోటు దక్కింది ముగ్గురు ప్రయాణికులకూ 69 కిలోల టపాకూ. శత్రు విమానాలు తిరిగే మేరను చీకట్లో దాటేలా బయలుదేరేవారు. రేడియోలో మాట్లాడడం నిషేధం. నక్షత్రాలే దిక్కు. విమానాలకూ వాటి పేర్లే పెట్టారు: ఆల్టెయిర్, వేగా, రిగెల్, అంటారెస్, స్పైకా. మన పంచాంగం ఎరిగినవారికి వీటిలో శ్రవణం, అభిజిత్తు, జ్యేష్ఠ, చిత్త కనిపిస్తాయి.

దిగినవారికి ‘సీక్రెట్ ఆర్డర్ ఆఫ్ ద డబుల్ సన్‌రైజ్’ అనే సభ్యత్వ పత్రం ఇచ్చేవారు. రెండేళ్ళలో 271 సార్లు సముద్రం దాటారు. ఒక్క విమానమూ కూలలేదు.

అంతటి విమానాలను యుద్ధం ముగియగానే ఏం చేశారో తెలిస్తే కడుపు తరుక్కుపోతుంది. అమెరికా అరువు ఒప్పందం ప్రకారం తిరిగివ్వాలి, లేదా నాశనం చేయాలి. నాలుగింటిని రాట్‌నెస్ట్ దీవి దగ్గర, ఐదోదాన్ని సిడ్నీ దగ్గర సముద్రంలో ముంచేశారు. ఒక్కదాన్నయినా మ్యూజియంలో ఉంచి ఉండాల్సింది. ఏ ఒప్పందమైనా ఆ మాత్రం సడలింపుకు నోచుకోదా?

దూరం మారదు, సమయం మాత్రం గాలి చెప్పినట్టే వింటుంది. కేటలీనాల దారిలో ఆరు గంటల తేడాకు ముఖ్య కారణం అదే. అతి చిన్న ప్రయాణంలోనూ అంతే: స్కాట్లాండ్ ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 1967 నుంచి విమానం నడుస్తోంది. దూరం 2.7 కిలోమీటర్లు, కేటాయించిన సమయం రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చిన రోజున 53 సెకన్లలో చేరిన రికార్డుంది.

మళ్ళీ ఆస్ట్రేలియా–లండన్ దారికి వస్తే, 1947 డిసెంబరులో మొదలైన సిడ్నీ–లండన్ సర్వీసు కలకత్తా, కరాచీల్లో ఆగుతూ నాలుగు రోజులు తీసుకుంది. తర్వాత జెట్‌లొచ్చి రోజుల్ని గంటలు చేశాయి. 2018 మార్చి నుంచి పెర్త్–లండన్ విమానం 14,500 కిలోమీటర్లను దాదాపు 17 గంటల్లో ఆగకుండా దాటుతోంది. సిడ్నీ నుంచి లండన్‌కు నేరుగా వెళ్ళే పథకానికి క్వాంటాస్ ‘ప్రాజెక్ట్ సన్‌రైజ్’ అని పేరు పెట్టింది, కేటలీనాల జ్ఞాపకంగానే. దానికీ పట్టేది మహా అయితే 22 గంటలు.