పెళుసు ఎముకల వ్యాధి: పసిబిడ్డ పెంపకం, శస్త్రచికిత్స

ఇది ఎముకకు పట్టునిచ్చే ఒకటో రకం కొల్లాజెన్‌లో పుట్టుకతో వచ్చే లోపం. దీన్ని వైద్యులు ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. కొన్ని రకాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తాయి. మేనరికాల్లో వాటికి అవకాశం ఎక్కువ.

పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు వైపు పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె పట్టించి, చేతులూ కాళ్లూ సాగదీసి నీళ్లు పోస్తారు. ఈ వ్యాధి ఉన్న బిడ్డకు ఆ సాగదీత కూడదు, బామ్మలు ఎంత నొచ్చుకున్నా సరే. గుడ్డ మార్చేటప్పుడు మడమలు పట్టి ఎత్తరాదు. పిరుదుల కింద అరచెయ్యి దూర్చి లేపాలి.

తొడ ఎముక పదేపదే విరిగినా, బాగా వంగినా శస్త్రచికిత్స చేస్తారు. వంపును కొన్నిచోట్ల కోసి, ముక్కలను పూసల్లా లోహపు కడ్డీకి గుచ్చుతారు. 1959లో సోఫీల్డ్, మిల్లర్ ప్రచురించిన పద్ధతి ఇది. తర్వాత వచ్చిన ఫాసియర్-డువాల్ కడ్డీ బిడ్డ ఎదుగుదలతో పాటు సాగుతుంది. సిమెంటుకట్టు అవసరానికి మించి ఉంచరు, కదలని ఎముక ఇంకా పలచబడుతుంది. వైద్యుడు సరేనన్నాక నీళ్లలో కాళ్లాడించడం, ఆపై ఊతంతో నిలబడటం. ఎముకలు గట్టిపడటానికి పమిడ్రోనేట్ లేదా జోలెడ్రోనేట్ మందును సెలైన్‌లో ఎక్కిస్తారు. మొదటి డోసుకు జ్వరం మామూలే.

సాలూరువాసులకు పెద్దాసుపత్రి అంటే విశాఖ కేజీహెచ్. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం పమిడ్రోనేట్ వంటి మందులతో చేసే ఈ వ్యాధి చికిత్సను రెండో వర్గంలో చేర్చింది.