మేదరి బుట్ట వెల

పసిబిడ్డను చేటలో పడుకోబెడతాం. పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి తెస్తాడు. మన శుభకార్యాల్లో ఇంత చోటున్న వెదురు సామాను అల్లే మేదరవారి కథ మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఖమ్మం దాటి భద్రాచలం దారి పడితే అడవి అంచు ఊళ్ళు వస్తాయి. అక్కడ మేదరులకు వెదురే జీవనాధారం. వెదురు నిజానికి గడ్డిజాతి. అయినా 1927 నాటి భారత అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో వేసింది. అడవిలో గడ నరకాలంటే సర్కారు అనుమతి కావాలి. మరోపక్క కాగితం మిల్లులకూ ఆ వెదురే ముడిసరుకయింది. భద్రాచలానికి ఆవలి ఒడ్డున సారపాకలో 1979లో పెద్ద కాగితపు అట్టల కర్మాగారం వెలిసింది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులకు ఇచ్చింది. మేదరులు ఇక్కడ వెనుకబడిన తరగతుల వారు. ఆ హక్కు కావాలంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉంటూ అడవిని నమ్ముకుని బతికినట్టు రుజువు చూపాలి. సంతల వెంట తిరిగి బతికినవారి దగ్గర అన్నేళ్ళ రుజువులెక్కడివి? 2017లో అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు. పొలం ఉన్నవారు గట్టున పెంచుకోవచ్చు. లేనివారు గడ కొనుక్కోవలసిందే.

గడ కొని, చీల్చి, బద్దలు తీసి, బుట్ట అల్లి తెచ్చిన ఆమెతో "ప్లాస్టిక్‌ది చవకమ్మా" అని సగానికి బేరమాడతాం. అప్పుడు తగ్గేది గడ ధర కాదు, ఆమె కూలి. ఈసారి గడకెంతయింది, అల్లడానికెన్నాళ్ళు పట్టింది అని అడిగి వెల కట్టండి. న్యాయమైన బేరమంటే అదే.