మడతబందు మీద గురి

రైఫిల్‌తో గురి చూడడానికి కావలసినవి రెండే: గొట్టం చివర నిలబడే ముందు సైటు, కంటి దగ్గరుండే వెనక సైటు. ఎన్‌సీసీ క్యాడెట్లు, పోలీసు శిక్షణకు వెళ్లినవాళ్లు వీటిని ఫోర్‌సైట్, బ్యాక్‌సైట్ అంటారు. అద్దాలూ బ్యాటరీలూ లేని లోహపు సైట్లు కాబట్టి రెంటినీ కలిపి ఐరన్ సైట్లనడం వాడుక. ఇప్పటి సైనిక రైఫిళ్ల మీద పెత్తనం ఆప్టిక్ సైట్లదే. ఆప్టిక్ పగిలినా, అద్దానికి బురద పట్టినా, బ్యాటరీ అయిపోయినా అక్కరకు వచ్చేలా ఐరన్ సైట్లను మడిచి దాని వెంటే ఉంచుతారు. అవే బ్యాకప్ సైట్లు. పేరు కొత్తదే గానీ, సైటును మడతబందు మీద లేపడం, పడుకోబెట్టడం పంతొమ్మిదో శతాబ్దపు నడిమి కాలం నుంచీ ఉన్న పని. ఈనాడు మడత సైటును ఎంచుకునేవాళ్లు చూసే విషయాలు చాలావరకు అప్పటి నుంచి ఎదురవుతూ వచ్చిన ఇబ్బందుల్లోంచి పుట్టినవే.

అంతకుముందు మామూలు సిపాయి తుపాకికి వెనక సైటే ఉండేది కాదు. బ్రిటిష్ సైన్యపు బ్రౌన్ బెస్ మస్కెట్‌లో బాయొనెట్ తగిలించే చిన్న దిమ్మే ముందు సైటు పని కూడా చేసేది. నున్నటి గొట్టంలోంచి వదులుగా వచ్చే సీసపు గుండు వంద గజాలు దాటాక ఎటు పోతుందో చెప్పడం కష్టం. అందుకే సిపాయిలను వరుసకట్టి నిలబెట్టి ఒక్కసారే కాల్పించేవారు. 1849లో ఫ్రెంచి అధికారి క్లోడ్ ఎతియెన్ మినియె రూపొందించిన తూటా ఈ లెక్కను తలకిందులు చేసింది. దాని అడుగు బోలుగా ఉంటుంది. మందు పేలగానే ఆ అడుగు ఉబ్బి గొట్టంలోని మరగాళ్లను పట్టుకుంటుంది, తూటా గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది. అయితే దాని వేగం తక్కువ. సెకనుకు సుమారు 270 మీటర్లతో బయల్దేరిన తూటా దూరం వెళ్లేకొద్దీ బాగా కిందికి దిగిపోతుంది. దూరాన్ని బట్టి గొట్టం మూతిని పైకెత్తక తప్పదు. ఎంత ఎత్తాలో చెప్పడానికే నిచ్చెన సైటు వచ్చింది.

1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో ఆ సైటు పనితనం బాగా తెలుస్తుంది. మడతబందుతో గొట్టానికి బిగించిన సన్నని ఉక్కు చట్రం అది. పడుకోబెడితే గొట్టానికి ఆనుకుని ఉంటుంది. దాని కింద రెండు పక్కలా మెట్లున్నాయి. చట్రం మీది జారుడు బిళ్లను ఒక్కో మెట్టు మీదికి తోస్తే 100, 200, 300, 400 గజాల గురి కుదురుతుంది. అంతకు మించిన దూరానికి చట్రాన్ని నిటారుగా లేపి, అంచుల మీద చెక్కిన గీతల దగ్గరికి బిళ్లను జరపాలి. ఆ గీతలు రకాన్ని బట్టి 900 నుంచి 1250 గజాల దాకా ఉండేవి. అమెరికా అంతర్యుద్ధంలో విరివిగా వాడిన 1861 స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంకా సులువైన ఏర్పాటు ఉంది. రెండు రేకులూ పడుకుని ఉంటే 100 గజాలు, ఒకటి లేపితే 300, రెండోది లేపితే 500. మెట్లు, గీతలు సరిచూసే తీరిక లేని సిపాయికి ఇదే మేలు.

మన దేశంలో ఎన్‌ఫీల్డ్ అనగానే 1857, కొవ్వు పూసిన తూటాలు గుర్తుకొస్తాయి. ఆ తర్వాత జరిగింది అంతగా ప్రచారంలో లేదు. తిరుగుబాటు అణగాక దేశీయ సిపాయిలకు 1858 నమూనా మస్కెట్ ఇచ్చారు. పైకి చూస్తే అది ఎన్‌ఫీల్డే. లోపలి మరగాళ్లను మాత్రం తొలిచి గొట్టాన్ని నున్నగా చేశారు, నిచ్చెన సైటు తీసేసి కదలని సాదా గాడిని పెట్టారు. దూరం గురి చూడగల ఆయుధం సిపాయి చేతిలో ఉండకూడదన్న పాలకుల భయం ఆ చిన్న గాడిలో కనిపిస్తుంది. తుపాకుల చరిత్రలో సైటు ఇంత సూటిగా రాజకీయం మాట్లాడిన సందర్భాలు అరుదు.

1907లో వచ్చిన షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 నాటికి దూరాల మీద మోజు పరాకాష్ఠకు చేరింది. వెనక సైటు మీద 2000 గజాల దాకా గీతలు. అది చాలదన్నట్టు ఎడమ పక్కన ఒక డయలు, దానికి జతగా సేఫ్టీ దగ్గర లేపుకునే సన్నని రంధ్రపు సైటు ఉండేవి. వీటితో 2800 గజాల, అంటే రెండున్నర కిలోమీటర్ల దూరంలోని దళాల మీదికి అందరూ కలిసి తూటాల వాన కురిపించాలన్నది ఆలోచన. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ పని మెషిన్‌గన్లు, ఫిరంగులు చేశాయి. 1916లో వచ్చిన మార్క్ 3 స్టార్‌లో ఆ పక్క సైట్లు తీసేశారు. భారతదేశంలోని ఇషాపూర్ కర్మాగారం ఈ రైఫిల్‌ను దశాబ్దాలపాటు తయారుచేసింది. 1960లలో అక్కడే 7.62 తూటాకు మలిచిన రైఫిల్‌కు మొదట 2000 మీటర్ల సైటు పెట్టి, తర్వాతి 2ఎ1 రకంలో 800 మీటర్లకు కుదించారు.

రెండో ప్రపంచయుద్ధపు నంబర్ 4 రైఫిల్‌లో వెనక సైటు గొట్టం మీద నుంచి కంటి దగ్గరికి జరిగింది, గాడికి బదులు రంధ్రం వచ్చింది. రంధ్రంలోంచి చూసే కన్ను తనంతట తానే నడిమిని వెతుక్కుంటుంది. పైగా రెండు సైట్ల మధ్య ఎడం పెరిగితే గురి తప్పు తగ్గుతుంది. సైట్ల మధ్య 50 సెంటీమీటర్లుండి, ముందు సైటు అర మిల్లీమీటరు పక్కకు జరిగితే వంద మీటర్ల దగ్గర తూటా 10 సెంటీమీటర్లు తప్పుతుంది. ఎడం 37 సెంటీమీటర్లే అయితే ఆ తప్పు పదమూడున్నర. యుద్ధపు తొందరలో నంబర్ 4కు 300, 600 గజాల ఎల్ ఆకారపు తిప్పుడు సైటు కూడా పెట్టారు. అమెరికా ఎం1 కార్బైన్‌లోనూ మొదట 150, 300 గజాల తిప్పుడు సైటే. తూటా వేగం పెరిగి దారి చదునయ్యాక నిచ్చెనతో అవసరం తీరిపోయింది.

టెలిస్కోప్ రావడంతో కొత్త చిక్కు మొదలైంది. దాన్ని రైఫిల్ మీద నడిమిన పెడితే ఐరన్ సైట్లకు అడ్డం. సోవియట్ మోసిన్ నాగాంట్ పీయూ టెలిస్కోప్‌ను ఎత్తుగా బిగించి, కిందినుంచి ఐరన్ సైట్లు కనబడేలా చేశారు. బ్రిటిష్ నంబర్ 4 టీ రైఫిల్‌లో టెలిస్కోప్‌కు చోటివ్వడానికి దగ్గరి దూరపు రంధ్రాన్నే అరగదీశారు. 1970లలో వచ్చిన ఆస్ట్రియా స్టయర్ ఆగ్‌లో, 1985 నాటి బ్రిటిష్ ఎల్85లో ఆప్టిక్ గొట్టం నెత్తినే చిన్న అత్యవసర సైటు పెట్టారు. అది పరిష్కారమే గానీ బలహీనమైనది. ఆప్టిక్ ఊడిపోతే సైటూ దాంతోనే పోతుంది.

బ్యాకప్ సైటును ఒక వస్తువుగా విడదీసింది అమెరికా సైన్యపు మార్పు. ఎం16లో వెనక సైటు మోసే పిడిలోనే ఉండేది. ఆప్టిక్ బిగించడానికి వీలుగా ఎం4 కార్బైన్, ఎం16ఎ4లలో ఆ పిడిని ఊడదీసేలా చేశారు. పిడితో పాటే వెనక సైటూ పోయింది. ఆ లోటు తీర్చడానికి మడత సైటు కావలసి వచ్చింది. 1995లో ఖరారైన పికాటిన్నీ పట్టీ దీనికి దారి వేసింది. 10 మిల్లీమీటర్ల ఎడంతో గాళ్లున్న ఆ పట్టీ మీద ఎవరు చేసిన సామాను అయినా ఇముడుతుంది. ఎం4 మీద ఎయిమ్‌పాయింట్ ఎర్ర చుక్క సైటు, దాని వెనక 200 నుంచి 600 మీటర్ల దాకా సర్దుకునే మేటెక్ మడత సైటు మామూలు జత అయ్యాయి. తర్వాత పౌరుల మార్కెట్లోకి ఉక్కు, అల్యూమినియం, పాలిమర్ రకాలు వచ్చాయి.

ఎంపికలో మొదట చూడవలసింది ఎత్తు. సైటు లేచినప్పుడు ఆ రైఫిల్ గొట్టానికి తగిన ఎత్తులో నిలవాలి, ముందు వెనక సైట్ల ఎత్తులు జతకావాలి. ఎర్ర చుక్క సైటుతో కలిపి వాడేవాళ్లలో కొందరు ఐరన్ సైట్లు అద్దం సరిగ్గా నడిమిన, కొందరు కింది మూడో వంతులో కనబడాలని కోరుకుంటారు. రెండో పద్ధతిలో ఐరన్ సైట్లు ఎప్పుడూ కళ్లకు అడ్డం రావు. రెండోది బిగింపు. స్ప్రింగు మీదే నిలిచేది దెబ్బ తగిలితే వంగి బతుకుతుంది. గొళ్లెంలా తాళం పడేది కదలదు, కానీ గట్టి దెబ్బకు మడతబందు దెబ్బతినే ప్రమాదముంది. లేచినప్పుడు వేలితో అటూ ఇటూ ఊపితే కదిలే సైటును, ధర ఎంత తక్కువైనా, పక్కన పెట్టడమే మంచిది. మూడోది లోహమా, పాలిమరా అన్నది. గొట్టం మీద వాయువును మళ్లించే దిమ్మ, అంటే గ్యాస్ బ్లాక్ మీద ముందు సైటు పెడితే కాల్పుల వేడికి పాలిమర్ మెత్తబడుతుంది కాబట్టి అక్కడ ఉక్కే తగినది. ముందు సైటు గట్టిగా కదలకుండా ఉండే పట్టీ చివరన ఉండాలి. చేతి పట్టుకు వంగే చోట పెడితే గురి మారిపోతుంది. రంధ్రాలు రెండుంటే చిన్నది దూరానికి, పెద్దది మసక వెలుతురుకు, దగ్గరి గురికి పనికొస్తాయి.

ఇవన్నీ కుదిరాక మిగిలేది జీరో చేయడం, అంటే నిర్ణీత దూరంలో కాల్చి తూటా పడే చోటికి సైటును సరిచేయడం. ఆప్టిక్‌ను తీసేసి, మడత సైటును విడిగా జీరో చేయాలి. తర్వాత చాలాసార్లు మడిచి లేపి మళ్లీ కాల్చి చూడాలి. ప్రతిసారీ తూటా అదే చోట పడే సైటే ఎంచుకోదగినది.